క్యాంటీన్ తెర దాకా: హైదరాబాద్ నుంచి నాలుగు ప్లాంట్లకు ఒక టౌన్‌హాల్ వెబ్‌కాస్ట్

మందుల ముడిసరుకు తయారుచేసే ఒక కంపెనీ. హెడ్ ఆఫీసు హైదరాబాద్‌లో, ప్లాంట్లు పాశమైలారం, జడ్చర్ల, పరవాడ, పైడిభీమవరంలో ఉన్నాయి. మూడు నెలలకోసారి ఎండీ గారు ఉద్యోగులందరితో టౌన్‌హాల్ మీటింగ్ పెడతారు. హైటెక్ సిటీలోని ఒక హోటల్ హాల్లో ఎదురుగా కూర్చునేది సుమారు 400 మంది. మిగతావాళ్లంతా వెబ్‌కాస్ట్‌లో, అంటే ఇంటర్నెట్ ప్రత్యక్ష ప్రసారంలో, చూడాలి; దాన్ని నడిపింది మేం. కార్యక్రమం 75 నిమిషాలు. కంపెనీ పేరుతో ఇక్కడ పని లేదు. అంకెలను లెక్క తేలికగా ఉండేలా గుండ్రం చేశాం.

అంతకుముందు వెబ్‌కాస్ట్ మీద వచ్చిన ఫిర్యాదు ఒక్కటే. హెడ్ ఆఫీసులో బొమ్మ బాగానే వచ్చింది, ప్లాంట్లలో మాత్రం చక్రం తిరుగుతూ కూర్చుంది. స్ట్రీమింగ్ సర్వీసు రిపోర్టు చూస్తే అన్ని గీతలూ పచ్చగానే ఉన్నాయి. రెండూ నిజమే. సీడీఎన్ (వీడియోను దగ్గరి సర్వర్ల నుంచి అందించే నెట్‌వర్క్) దగ్గర కొలిచేవాళ్లకు సీడీఎన్ నుంచి ఎంత డేటా బయటికి వెళ్లిందో తెలుస్తుంది గానీ పరవాడ క్యాంటీన్లో ప్రొజెక్టర్ మీద ఏం పడిందో తెలియదు. అందుకని ఈసారి డిజైన్‌ను వేదిక దగ్గర కాక చివరి తెర దగ్గర మొదలుపెట్టి వెనక్కి వచ్చాం.

ప్లాంటు లైను లెక్క

ఒక్కో ప్లాంటుకు 50 ఎంబీపీఎస్ (సెకనుకు 50 మెగాబిట్లు) లీజ్డ్ లైను, అంటే కంపెనీకే కేటాయించిన ఇంటర్నెట్ లైను, ఉంది. అందులో ఎస్ఏపీ (కంపెనీ లావాదేవీల సాఫ్ట్‌వేర్), మెయిలు, ల్యాబ్ సర్వర్ల బ్యాకప్, సీసీటీవీ పోగా పగటిపూట మిగిలేది 15 నుంచి 20 మాత్రమే. 720పీ వీడియోకి 2.5 ఎంబీపీఎస్ అనుకుంటే, ఆఫీసు బ్లాకులో 60 మంది ఒకేసారి లింకు తెరిస్తే 150 కావాలి. ఉన్నది 20. ఇది తీసివేతల లెక్క, ఇందులో మిస్టరీ ఏమీ లేదు.

‘అడాప్టివ్ బిట్‌రేట్ (లైను వేగాన్ని బట్టి వీడియో నాణ్యత మారడం) ఉంది కదా, దానంతట అదే తగ్గుతుంది’ అని చాలామంది సర్దిచెబుతారు. తగ్గుతుంది. కానీ ప్రతి ప్లేయరూ లైనును తనకు తానే కొలుచుకుంటుంది. పక్క సీటులో ప్లేయర్ 360పీకి దిగగానే కాస్త జాగా దొరికి ఇది 720పీకి ఎక్కుతుంది. రెండు సెగ్మెంట్లు (వీడియోను కోసి పంపే కొన్ని సెకన్ల ముక్కలు) దాటకముందే అది ఆగిపోతుంది, అప్పుడు పక్కది ఎక్కుతుంది. ఇలా 60 ప్లేయర్లు ఒకదాన్నొకటి తోసుకుంటుంటే ఎస్ఏపీ స్క్రీన్లు నెమ్మదిస్తాయి. దాంతో ఐటీ వాళ్లు విసుగెత్తి వీడియో డొమైన్‌ను (వీడియో వచ్చే వెబ్ చిరునామాను) పూర్తిగా ఆపేస్తారు. వాళ్లను తప్పుపట్టలేం, బ్యాచ్ రికార్డు (ఒక్కో విడత తయారీ వివరాల నమోదు) ఆగితే ఉత్పత్తే ఆగుతుంది.

దీనికి తోడు ప్లాంట్ల ఇంటర్నెట్ అంతా హెడ్ ఆఫీసు ప్రాక్సీ (ఇంటర్నెట్ రాకపోకలను తనిఖీ చేసే సర్వర్) గుండానే బయటికి వెళ్తోంది. పైడిభీమవరంలో ఒకరు లింకు నొక్కితే వీడియో హైదరాబాద్ వచ్చి, అక్కడ తనిఖీ అయి, మళ్లీ శ్రీకాకుళం జిల్లాకు పోతుంది. నాలుగు ప్లాంట్ల భారం హెడ్ ఆఫీసు లైను మీదే పడుతుంది. వీడియో డొమైన్‌కు ప్రాక్సీ నుంచి మినహాయింపు ఇచ్చి, ప్లాంటు లైను నుంచే నేరుగా బయటికి వదిలితే సగం నొప్పి తగ్గుతుంది. ఈ మార్పు అడిగిన రోజే జరగదు. సెక్యూరిటీ టీము, చేంజ్ రిక్వెస్టు, ఆమోదం కలిపి రెండు మూడు వారాలు ముందే ఫైలు కదలాలి.

ఇంకో సంగతి ఫార్మా ప్లాంట్లు తెలిసినవాళ్లకే తడుతుంది. సాల్వెంట్లు వాడే బ్లాకుల్లోకి మొబైల్ ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. మండే ఆవిర్లు ఉండే చోటు కాబట్టి ఫోను గేటు దగ్గర లాకర్లో పెట్టాల్సిందే. షాప్ ఫ్లోర్‌లో పనిచేసే చాలామందికి కంపెనీ మెయిల్ ఐడీ కూడా ఉండదు. ‘యాప్‌లో చూడండి’ అని సర్క్యులర్ పంపితే అది వాళ్లకు చేరనే చేరదు. వాళ్లకు దారి క్యాంటీన్లో, ట్రైనింగ్ హాల్లో పెట్టే పెద్ద తెర ఒక్కటే.

ప్లాంటులోనే ఒక క్యాష్

ప్రతి ప్లాంటులో ఒక మినీ పీసీ పెట్టి, అందులో ఎన్‌జింక్స్ అనే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌ను రివర్స్ ప్రాక్సీగా, అంటే బయటి నుంచి తెచ్చిన కాపీని దాచి (క్యాష్ చేసి) లోపల పంచే మధ్యవర్తిగా, నడిపాం. ప్లాంటు లోపల ఎన్ని తెరలు, ఎన్ని డెస్కులు తెరిచినా ఒక్కో సెగ్మెంటు బయటి నుంచి ఒక్కసారే వస్తుంది, లోపల అందరికీ అదే కాపీ. 720పీకి 2 ఎంబీపీఎస్, 360పీకి 0.7 ఎంబీపీఎస్, నాణ్యతలో ఈ రెండు మెట్లే ఉంచాం. క్యాంటీన్ ప్రొజెక్టర్‌కు 1080పీ ఇచ్చి సాధించేదేమీ లేదు, పట్టపగలు కిటికీల వెలుగులో ఆ తేడా కంటికి ఆనదు. రెండు మెట్లు కలిపినా లైను మీద పడేది 3 ఎంబీపీఎస్ లోపే.

సెగ్మెంటు 4 సెకన్లు. 2 ఎంబీపీఎస్ చొప్పున ఒక్కోటి ఒక మెగాబైటు. 75 నిమిషాలకు సుమారు 1.1 జీబీ అవుతుంది కాబట్టి మొత్తం ర్యామ్‌లోనే పట్టేస్తుంది, డిస్కు జోలికి పోనక్కర్లేదు.

సెట్టింగుల్లో మూడు చోట్ల కాలు జారుతుంది. మొదటిది ప్లేలిస్టు, అంటే ఏ సెగ్మెంట్లు సిద్ధంగా ఉన్నాయో చెప్పే జాబితా. అది ప్రతి 4 సెకన్లకు మారుతుంది కాబట్టి ఒక్క సెకను మించి క్యాష్ చేయకూడదు. సెగ్మెంట్లు ఒకసారి వచ్చాక మారవు, వాటిని పది నిమిషాలు ఉంచవచ్చు. రెండింటికీ ఒకే గడువు పెడితే తెర అక్కడే గడ్డకడుతుంది. రెండోది క్యాష్ లాక్, అంటే ఒక అభ్యర్థన బయటికి వెళ్తే అది తిరిగొచ్చేదాకా మిగతావాటిని ఆపి ఉంచడం. కొత్త సెగ్మెంటు రాగానే 60 మంది ఒకే క్షణంలో అడుగుతారు. లాక్ లేకపోతే అది ఇంకా క్యాష్‌లోకి చేరకముందే 60 అభ్యర్థనలూ బయటికి పోతాయి, క్యాష్ పెట్టిన ప్రయోజనం అక్కడే పోతుంది. మూడోది ఇంకా పుట్టని సెగ్మెంటును ఏదో ప్లేయర్ తొందరపడి అడిగితే వచ్చే 404 (‘దొరకలేదు’) జవాబు. దాన్ని క్యాష్ చేస్తే, సెగ్మెంటు తయారయ్యాక కూడా అందరికీ ‘లేదు’ అనే చెబుతుంది.

రిహార్సల్లో దొరికిన అసలు గండి వేరే. అన్నీ సరిగ్గా పెట్టినా క్యాష్ హిట్లు (దాచిన కాపీతోనే తీరిన అభ్యర్థనలు) సున్నా దగ్గరే ఉన్నాయి. కారణం టోకెన్, అంటే చూసే హక్కు ఉందని చెప్పే సంకేతం. ప్రతి వీక్షకుడికీ లింకు చివర వేరే సంతకం అతుకుతోంది, కాబట్టి ఒకే సెగ్మెంటు 60 పేర్లతో 60 వేర్వేరు వస్తువుల్లా కనిపిస్తోంది. క్యాష్ కీలోంచి (కాపీని గుర్తుపట్టే పేరులోంచి) లింకు చివరి ఆ భాగాన్ని తీసేశాం. ప్లాంటు నెట్‌వర్కులో లాగిన్ తనిఖీని పేజీ దగ్గరే ముగించి, క్యాష్ నుంచి సీడీఎన్‌కు ఒకే టోకెన్‌తో వెళ్లేలా మార్చాం. దాంతో లైను మీది భారం లెక్కకు సరిపోయింది.

హెడ్ ఆఫీసుకు ఈ పెట్టె చాలదు, అక్కడ వేలల్లో ల్యాప్‌టాప్‌లు, అన్నీ వైఫై మీదే. అక్కడ బ్రౌజర్ల మధ్యే సెగ్మెంట్లు పంచుకునే ఈసీడీఎన్ వాడాం. ఇందులో తెలిసి ఉండాల్సింది ఒకటి. క్రోమ్ లాంటి బ్రౌజర్లు వెబ్‌ఆర్‌టీసీలో (బ్రౌజర్లు నేరుగా మాట్లాడుకునే పద్ధతిలో) లోకల్ ఐపీ అడ్రసును ఎండీఎన్ఎస్ అనే స్థానిక మారుపేరు వెనక దాచేస్తాయి. ఆ పేరు వేరే సబ్‌నెట్‌లో (నెట్‌వర్కులోని వేరే భాగంలో) పలకదు, కాబట్టి పక్క ఫ్లోర్‌లోని ల్యాప్‌టాప్‌తో జత కుదరదు. ఈసీడీఎన్ డొమైన్ ఒక్కదానికి ఆ దాపరికం తీసేయాలని గ్రూప్ పాలసీలో (కంపెనీ పీసీలన్నిటికీ ఒకేచోట పెట్టే సెట్టింగుల్లో) చెప్పాలి. వైఫై మీద మల్టీకాస్ట్ (ఒకే ప్రవాహాన్ని అందరికీ ఒకేసారి పంపడం) ఆలోచన మాత్రం మొదట్లోనే వదిలేశాం. యాక్సెస్ పాయింట్లు మల్టీకాస్ట్‌ను అతి తక్కువ వేగంలో పంపుతాయి, పోయిన ప్యాకెట్‌ను తిరిగి అడిగే దారీ ఉండదు.

హాలు నుంచి క్లౌడ్ దాకా

ఇది అందరూ బాగా చేసే భాగం కాబట్టి క్లుప్తంగా చెప్తాం. మూడు కెమెరాలు, వాటి బొమ్మలను మార్చే ఒక స్విచ్చర్, వీడియోను కుదించి పంపే రెండు హార్డ్‌వేర్ ఎన్‌కోడర్లు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఫ్రేమ్ రేటు 25, షట్టర్ 1/50. సెకనుకు 30 ఫ్రేములు పెడితే హాలు లైట్లు మినుకుమినుకుమంటాయి. వక్తల ల్యాప్‌టాప్‌లు 60 హెర్ట్జ్‌లో వస్తాయి, వాటికి స్విచ్చర్ ముందు స్కేలర్ (సిగ్నల్‌ను మన ఫ్రేమ్ రేటుకు మార్చే పెట్టె) ఉండాలి. కీఫ్రేమ్ (పూర్తి బొమ్మ ఉండే ఫ్రేము) సరిగ్గా 2 సెకన్లకు, అంటే 50 ఫ్రేములకు ఒకటి. ఎన్‌కోడర్లో ‘ఆటో’ వదిలేస్తే సెగ్మెంట్లు ఒకసారి 3 సెకన్లు, ఒకసారి 7 సెకన్లు అయి, ప్లేయర్ మెట్లు మారేటప్పుడు తడబడుతుంది.

క్లౌడ్‌కు పంపేది 1080పీ, 6 ఎంబీపీఎస్, ఎస్ఆర్‌టీ ప్రోటోకాల్‌లో. పోయిన ప్యాకెట్లను తిరిగి పంపడానికి 25 శాతం అదనంగా కలిపి 7.5 ఎంబీపీఎస్ లెక్కేసుకోవాలి. క్లౌడ్ సర్వర్ రానుపోను సమయం 25 మిల్లీసెకన్లయితే పుస్తకం ప్రకారం దానికి నాలుగింతలు, 100 చాలు. అయినా లేటెన్సీ (ఆలస్యానికి ఇచ్చే గడువు) 1000 మిల్లీసెకన్లు పెట్టాం. వెనక ఎలాగూ 18, 20 సెకన్ల ఆలస్యం ఉన్నప్పుడు ఇక్కడ సెకను మిగిలించి చేసేదేముంది? ఆ సెకను లైనులో చిన్న కుదుపు వచ్చినప్పుడు పనికొస్తుంది. ఎన్‌కోడర్‌ను కాలర్‌గా, అంటే కనెక్షన్‌ను తానే మొదలుపెట్టేలా, పెట్టాలి, అప్పుడు హోటల్ వాళ్లను లోపలికి పోర్టులు తెరవమని బతిమాలనక్కర్లేదు. బయటికి యూడీపీ (ఎస్ఆర్‌టీ నడిచే ప్రోటోకాల్) తెరిచి ఉందో లేదో మాత్రం ముందే చూసుకోవాలి.

ఇంటర్నెట్‌కు రెండు కంపెనీల ఫైబర్ తీసుకోవడం మామూలే. కానీ రెండూ ఒకే కరెంటు స్తంభాల మీదుగా వచ్చి, ఒకే పైపులోంచి హోటల్లోకి దిగితే అది ఒక్క లైనే. నడిచి వెళ్లి చూడాలి, బిల్లు మీద రెండు పేర్లు ఉంటే సరిపోదు. ఈ హోటల్లో మరో లొసుగు బయటపడింది. ఫైబర్ వచ్చి చేరే మీడియా కన్వర్టర్ (ఫైబర్ సిగ్నల్‌ను మామూలు కేబుల్‌కు మార్చే పెట్టె) బేస్‌మెంట్లో, యూపీఎస్ లేని సాకెట్‌లో ఉంది. పైన హాల్లో ఎంత పెద్ద యూపీఎస్ పెట్టినా, కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ పది సెకన్లలో లింకు పడిపోతుంది. కన్వర్టర్ తిరిగి లేవడానికి ఇంకో నిమిషం. 600 వీఏ చిన్న యూపీఎస్ ఒకటి కింద పెట్టిస్తే సమస్య తీరింది.

మూడో దారిగా కొన్ని సిమ్ కార్డుల ఇంటర్నెట్‌ను కలిపి వాడే బాండింగ్ యూనిట్ ఉంది. దాని పరీక్ష ఖాళీ హాల్లో చేస్తే లెక్కలోకి రాదు. 400 ఫోన్లు లోపలికొచ్చాక అదే టవర్ మీద ఎంత మిగులుతుందన్నదే అసలు అంకె. యాంటెన్నాను కిటికీ దగ్గరికో టెర్రస్ మీదికో జరపాలి.

మాట వినపడాలి

బొమ్మ 360పీకి పడిపోయినా జనం కూర్చుంటారు. మాట తెగితే నిమిషంలో లేచి టీ దగ్గరికి పోతారు. అయినా బడ్జెట్లో కెమెరాలకు పెట్టినంత ఆడియోకి పెట్టరు.

హాలు స్పీకర్లకు వెళ్లే మిక్సే స్ట్రీమ్‌కు పంపడం మామూలుగా జరిగే పొరపాటు. హాల్లో ఎండీ గారి గొంతు సగం నేరుగా వినిపిస్తుంది కాబట్టి ఆపరేటర్ ఆ మైకు తగ్గిస్తాడు, వీడియోల శబ్దం పెంచుతాడు. క్యాంటీన్లో అది తలకిందులుగా వినిపిస్తుంది. స్ట్రీమ్‌కు వేరే ఆక్స్ మిక్స్ (కన్సోల్ నుంచి విడిగా తీసే మిశ్రమం), దాన్ని హెడ్‌ఫోన్‌తో వినే వేరే మనిషి ఉండాలి. స్థాయి −16 ఎల్‌యూఎఫ్ఎస్ (శబ్దం ఎంత బిగ్గరగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గర, పీక్ −1 డెసిబెల్ దాటకుండా ఉంచాం. హాలు కన్సోల్‌కూ మన ర్యాకుకూ మధ్య ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. రెండూ వేర్వేరు ఎర్త్‌ల మీద ఉంటే 50 హెర్ట్జ్ గుయ్యిమనే శబ్దం వస్తుంది, జనరేటర్ మీదికి మారాక ఇంకా పెరుగుతుంది. కెమెరా, స్విచ్చర్ కలిసి బొమ్మను రెండు మూడు ఫ్రేములు ఆలస్యం చేస్తాయి, కాబట్టి ఆడియోను 80 నుంచి 120 మిల్లీసెకన్లు వెనక్కి జరపాలి. వేదిక మీద చప్పట్లు కొట్టించి రికార్డు చేసి, ఫ్రేము ఫ్రేముగా చూసి సరిచేస్తే చాలు.

ఎండీ గారు ఇంగ్లీషులో మాట్లాడతారు. ప్లాంట్లకు తెలుగు ట్రాక్ కావాలి. మామూలు ఆర్‌టీఎంపీ అనే మరో ప్రసార ప్రోటోకాల్‌లో ఒక్క ఆడియో ట్రాకే వెళ్తుంది. ఎస్ఆర్‌టీ మీద ఎన్ని ట్రాకులైనా పంపవచ్చు, దాన్ని ఎంచుకోవడానికి ఇదీ ఒక కారణం. బ్యాకప్ దారి ఆర్‌టీఎంపీయే కాబట్టి అందులో ఎడమ చానల్‌కు ఇంగ్లీషు, కుడి చానల్‌కు తెలుగు పెట్టి క్లౌడ్‌లో విడదీశాం. విడదీయకుండా వదిలితే క్యాంటీన్లో ఒక స్పీకర్లో ఇంగ్లీషు, ఇంకో స్పీకర్లో తెలుగు ఒకేసారి మోగుతాయి.

అనువాదకులు ఇద్దరు కావాలి. 20, 30 నిమిషాలకు ఒకరు మారకపోతే వాక్యాలు జారిపోతాయి. తెలుగు ట్రాక్‌లో అసలు గొంతును 18 నుంచి 20 డెసిబెల్స్ తగ్గించి అడుగున ఉంచాం. పూర్తిగా తీసేస్తే తెర మీద పెదాలు కదులుతుంటే మరెవరో చదువుతున్నట్టుంటుంది. తప్పు జరిగే చోటు ప్రశ్నల సమయం. జడ్చర్ల నుంచి ఒకాయన తెలుగులో అడిగితే అనువాదం దిక్కు మారాలి. అప్పుడు ఇంగ్లీషు ట్రాక్‌కు అనువాదకుడు, తెలుగు ట్రాక్‌కు అసలు గొంతు పూర్తి స్థాయిలో వెళ్లాలి. ఇది ఒక్క బటన్ మీద జరిగేలా కన్సోల్లో రెండు సీన్లు ముందే సేవ్ చేశాం. లేకపోతే తెలుగువాళ్లకు తమ తోటి ఉద్యోగి ప్రశ్నే వినిపించదు. నాలుగు ప్లాంట్లలోనూ ఉత్తరాది, ఒడిశా కార్మికులు గణనీయంగా ఉన్నారు. వాళ్లకు హిందీ ట్రాక్ అనే ప్రతిపాదన ఖర్చు దగ్గర ఆగింది. ఆగకుండా ఉండాల్సింది.

ప్రశ్న అడిగే ప్లాంటు లైవ్ పేజీ చూస్తూ అడగకూడదు, ఆ పేజీ 20 సెకన్లు వెనక ఉంటుంది. వేరే టీమ్స్ (మైక్రోసాఫ్ట్) వీడియో కాల్‌లో తీసుకుని, వాళ్లకు వాళ్ల గొంతు తప్ప మిగతాదంతా వెనక్కి పంపాలి, అంటే మిక్స్ మైనస్. మైకు చేతికి తీసుకోగానే అక్కడి పెద్ద తెర స్పీకర్ మ్యూట్ చేసే బాధ్యత ఒక మనిషికి పేరు పెట్టి అప్పగించాలి.

తెర మీద తెలుగు

పేరు పట్టీలు తెలుగులో వేయాలంటే పాత టైట్లింగ్ సాఫ్ట్‌వేర్లు ఒత్తులను విరిచేస్తాయి, ‘ప్రభాకర్’ కాస్తా ‘ప్‌రభాకర్’ అవుతుంది. సరిగ్గా అక్షరాలు కూర్చే సాఫ్ట్‌వేర్లో తయారుచేసి, పారదర్శక పీఎన్‌జీ బొమ్మలుగా స్విచ్చర్లోకి ఎక్కించడమే నమ్మకమైన దారి. ఇంగ్లీషు టెంప్లేట్ పట్టీ ఎత్తు తెలుగుకు చాలదు, కింద ఒత్తులకూ పైన గుడులకూ జాగా కావాలి. 1080 లైన్ల తెరలో అక్షరం 54 పిక్సెళ్లకు తగ్గితే 360పీలో ఒత్తు, వట్రసుడి ఒకే మచ్చలా కనిపిస్తాయి. సన్న గీతల ఫాంట్లు వద్దు. స్లైడ్లలో ఎక్సెల్ పట్టిక అతికించి తెచ్చేవాళ్లకు 360పీ స్క్రీన్‌షాట్ తీసి చూపిస్తే చాలు, వాదన ఉండదు.

స్లైడ్ల మీద ఇంకో కన్ను కూడా ఉండాలి. ఇది లిస్టెడ్ కంపెనీ, అంటే షేర్లు స్టాక్ మార్కెట్లో ఉన్నది. ఫలితాలు బయటికి రాకముందు అమ్మకాల అంకె ఒకటి వేల మంది చూసే స్ట్రీమ్‌లో దొర్లితే, సెబీ 2015 ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనల ప్రకారం అది ధరను ప్రభావితం చేసే రహస్య సమాచారం కిందికి రావచ్చు. త్రైమాసికం ముగిసినప్పటి నుంచి ఫలితాలు వెలువడిన 48 గంటల దాకా ట్రేడింగ్ విండో (కంపెనీ లోపలివాళ్లు దాని షేర్లు కొని అమ్మే వీలు) ఎలాగూ మూసి ఉంటుంది. టౌన్‌హాల్ తేదీ దాని తర్వాతే పెట్టించాం. స్లైడ్లు కంపెనీ సెక్రటరీ చూసి సంతకం చేశాకే ముందురోజు సాయంత్రం లాక్ అయ్యాయి. అన్‌లిస్టెడ్ (లింకు ఉన్నవాళ్లకే కనిపించే) యూట్యూబ్ లింకు చవక కదా అని అడిగారు. ఆ లింకు వాట్సాప్‌లో ఒక్కసారి పడితే ఇక ఎవరి చేతిలోనూ ఉండదు.

క్యాంటీన్ మనిషి చేతిలో కాగితం

ప్రతి తెర దగ్గరా ఒక బాధ్యుడు, అతని చేతిలో ఒక పేజీ తెలుగు కాగితం. అందులో రాసినవన్నీ ఎక్కడో ఒకచోట జరిగినవే. పీసీని కేబుల్‌తోనే కలపాలి, వైఫై వద్దు. స్క్రీన్ లాక్ పాలసీ నుంచి ఆ పీసీకి మినహాయింపు ఉందా? లేకపోతే పదో నిమిషంలో పాస్‌వర్డ్ అడుగుతుంది, అది తెలిసినాయన మరో బ్లాకులో ఉంటాడు. పీసీలో తేదీ సరిగ్గా ఉందా? బ్యాటరీ చచ్చిన పాత పీసీ కొన్నేళ్లు వెనక్కి పోతే సైటు భద్రతా సర్టిఫికెట్ చెల్లదంటుంది, పేజీయే తెరుచుకోదు. ప్రొజెక్టర్ ముందు ఆన్ చేసి తర్వాత పీసీ ఆన్ చేయాలి, తిరగేస్తే శబ్దం హెచ్‌డీఎంఐ వదిలి పీసీ స్పీకర్‌కు పోతుంది. బ్రౌజర్ ప్లేయర్ మ్యూట్‌లో మొదలవుతుంది, స్పీకర్ గుర్తు ఒకసారి నొక్కాలి. తెలుగు ట్రాక్ ఎంచుకోవాలి.

ఇవన్నీ సరిచూసుకోవడానికే కార్యక్రమానికి 30 నిమిషాల ముందు నుంచి కౌంట్‌డౌన్ తెర, కింద సంగీతం, ప్రతి రెండు నిమిషాలకు ‘ఇది తెలుగు ఆడియో’ అనే మాట నడిపాం. బాధ్యులు వాట్సాప్ గ్రూపులో తమ తెర ఫొటో పెట్టాలి. ఆ ఫొటోలే మాకు అసలైన మానిటరింగ్. డ్యాష్‌బోర్డు పచ్చగా ఉన్నా పరవాడ ఫొటోలో తెర నల్లగా ఉండొచ్చు.

సమయం ఉదయం 11 అన్నది హెడ్ ఆఫీసు ఆలోచన. ప్లాంట్లలో మొదటిదైన ‘ఏ’ షిఫ్టు ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2 వరకు, రియాక్టర్ మధ్యలో వదిలి రావడం కుదరదు. 12:30 నుంచి 1:45 అని మార్చి, భోజనాలను రెండు జట్లుగా సర్దారు. 2 గంటల బస్సుల కంటే ముందే ముగియాలి కాబట్టి ప్రశ్నలకు ఉంచిన 15 నిమిషాలు ఎవరూ సాగదీయలేకపోయారు. పోలింగ్ పెట్టినప్పుడు యాంకర్ ‘సమయం అయిపోయింది’ అనడానికి ముందు 40 సెకన్లు ఆగాలని స్క్రిప్టులోనే రాశాం. ఆలస్యం 20 సెకన్లు, చదివి నొక్కడానికి ఇంకో 20.

ప్రసారం మధ్యలో ప్రధాన ఫైబర్ ఒకసారి ఊగి రెండో లైనుకు మారింది. తెరల మీద ఎవరికీ తెలియలేదు, 12 సెకన్ల బఫర్ కాపాడింది. పైడిభీమవరంలో మాత్రం ఒక డెస్కు బ్లాకు పాత బుక్‌మార్క్ లింకుతో లోపలికి వచ్చి, క్యాష్‌ను దాటి నేరుగా సీడీఎన్‌కు పోయింది. పాత డొమైన్‌ను అంతర్గత డీఎన్ఎస్‌లో (వెబ్ పేర్లను సర్వర్ చిరునామాలుగా మార్చే వ్యవస్థలో) కొత్తదానికి మళ్లించి ఉంటే సరిపోయేది. తర్వాతి ప్రసారానికి ఆ మార్పు జాబితాలో మొదటి వరుసలో ఉంది.

బీ, సీ షిఫ్టులకు రికార్డింగ్ రాత్రి 9 లోపు క్యాష్ పెట్టెలకే ముందుగా తోసేశాం. 10 గంటలకు దిగే బీ షిఫ్టు, ఎక్కే సీ షిఫ్టు అదే తెర మీద చూస్తాయి, లైను మీద కొత్త భారం పడదు. ఎంపీ4గా మార్చేటప్పుడు చాలా టూళ్లు మొదటి ఆడియో ట్రాకునే ఉంచి రెండోదాన్ని చెప్పకుండా పారేస్తాయి. అందుకే తెలుగు, ఇంగ్లీషు రెండు వేర్వేరు ఫైళ్లుగా, పేరులోనే భాష రాసి పంపాం. ఫైలు పంపిన ప్రతిసారీ మొదటి నిమిషం, నడిమి నిమిషం, చివరి నిమిషం విని సంతకం చేసే గడి ఆ కాగితంలోనే ఉంది.